మైకు వద్దు, స్టోర్‌రూమ్ తాళం ఇవ్వండి

"వచ్చే శనివారం వాలంటీరింగ్ డే. అందరూ ఉత్సాహంగా పాల్గొనాలి" అని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ రాగానే కొందరికి బుధవారం నుంచే కడుపులో తిప్పడం మొదలవుతుంది. నేనూ ఆ కొందరిలో ఒకణ్ని. ఇరవై ఏళ్లకు పైగా అకౌంట్స్, ఆడిట్ పనుల్లో ఉన్నాను. లెడ్జర్‌తో నాకు ఏనాడూ పేచీ లేదు. పదిమంది కొత్తవాళ్ల మధ్య నిలబడి నవ్వుతూ మాట్లాడమంటేనే పేచీ.

నా మొదటి వాలంటీరింగ్ డే హైదరాబాద్ శివార్లలోని ఒక బడిలో జరిగింది. బస్సు దిగగానే పసుపు టీషర్టు ఇచ్చారు, కాసేపటికి మైకు ఇచ్చారు. తొమ్మిదో తరగతి పిల్లల్ని మోటివేట్ చేయాలట. నాలుగు వాక్యాలకే నా దగ్గరున్న సరుకు అయిపోయింది. పిల్లలు మర్యాదగా చప్పట్లు కొట్టారు, దాంతో ఇంకా సిగ్గేసింది. మంచినీళ్ల నెపంతో పక్కకు తప్పుకుంటే స్టోర్‌రూమ్ తలుపు తీసి ఉండటం కనబడింది. లోపల గోనెసంచుల్లో లైబ్రరీ పుస్తకాలు. ఎవరో దాతలు ఇచ్చినవి. రిజిస్టర్‌లో ఎక్కలేదు కాబట్టి ఎవరూ పిల్లల చేతికి ఇవ్వలేదు. పోతే జవాబు ఎవరు చెప్పాలి? సాయంత్రం బస్సు ఎక్కేలోపు మూడు గంటలు కూర్చుని రెండు సంచుల పుస్తకాలకు నంబర్లు వేసి రిజిస్టర్‌లో ఎక్కించాను. ఆ రోజు నాకు అలసట తెలియనిది ఆ మూడు గంటలే. బడికి పనికొచ్చినవీ ఆ మూడు గంటలే.

అప్పట్నుంచి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. సేవ చేయాలని ఉంది, ఆఫీసు ఒత్తిడి కూడా ఉంది, కానీ జనంలో కలవడం మీ వల్ల కాదు. అలాంటప్పుడు ఏ పని ఎంచుకోవాలి, ఎక్కడ దెబ్బతింటాం అన్నదే విషయం.

ముందు మీకు పడనిదేమిటో తేల్చుకోండి

"నాకు మనుషులతో పడదు" అనేది మరీ పెద్ద మాట. దాన్ని విడదీసి చూసుకోవాలి. కొందరికి కొత్తవాళ్లతో మాట కలపడం కష్టం. కొందరికి గుంపు, శబ్దం పడవు. కొందరు ఎదురుగా బాగానే మాట్లాడతారు, ఫోన్ మోగితే మాత్రం గుండె జారుతుంది. బాధలో ఉన్న మనిషి పక్కన కూర్చోలేనివాళ్లు కొందరు. చందా అడగమంటే నోరు పెగలనివాళ్లు చాలామంది.

ఇవన్నీ వేర్వేరు ఇబ్బందులు. వీటికి సరిపడే పనులూ వేరు. గుంపు పడదు కానీ ఒక్క మనిషితో పర్వాలేదనుకునేవారు చూపులేని విద్యార్థికి పరీక్షలో జవాబులు రాసిపెట్టే స్క్రైబ్‌గా కూర్చోవచ్చు. గుంపు ఉన్నా ఫర్వాలేదు, తనను మాట్లాడమనకుంటే చాలనుకునేవారికి తిరుమల శ్రీవారి సేవలో కూరగాయలు తరిగే పని ఉంది. కోట్ల మంది వచ్చిపోయే చోట కత్తిపీట ముందు కూర్చున్నవాణ్ని పలకరించేవాళ్లు తక్కువ. ప్రభుత్వ, బ్యాంకు ఉద్యోగులు చేసే పరకామణి సేవ, అంటే హుండీ కానుకల లెక్కింపు, మాటల కన్నా చేతులకు, కళ్లకు ఎక్కువ పని చెప్పే సేవ.

ఒక హెచ్చరిక. మొహమాటం పోగొట్టుకుందామని వృద్ధాశ్రమంలోనో, క్యాన్సర్ వార్డులోనో చేరకండి. మీరు నెల రోజులు ఇబ్బందిగా కూర్చుని మానేస్తారు. మీకోసం ఎదురుచూడటం అలవాటైన పెద్దాయనకు మాత్రం అది ఇంకొకరు వదిలేసి వెళ్లినట్టే. మన ప్రాక్టీసుకు వాళ్లు వస్తువులు కారు.

మనుషులే లేని సేవ ఎక్కడా దొరకదని కూడా ముందే ఒప్పుకోండి. ఇంట్లో కూర్చుని స్ప్రెడ్‌షీట్ నింపినా దాన్ని అందుకునే మనిషి ఒకరుంటారు. మనలాంటివాళ్లు వెతుక్కోవాల్సింది మాటలు ముందే తేలిపోయిన పని. ఏం చేయాలి, ఎప్పటికి చేయాలి, ఎవరికి ఇవ్వాలి అన్న మూడూ మొదటి వారంలోనే తేలిపోతే, తర్వాత ఆరు నెలలు మౌనంగా పనిచేసుకోవచ్చు. ఆ మొదటి వారంలో మాటలు తప్పించుకుంటే మిగతా ఆరు నెలలూ మాట్లాడుతూనే ఉండాలి.

మాట తక్కువ పడే పనులు

తెలుగు చదవడం, రాయడం బాగా వచ్చినవారికి తెలుగు వికీసోర్స్ ఉంది. కాపీరైట్ తీరిన పాత పుస్తకాల స్కాన్ ప్రతులను అక్కడ వాలంటీర్లు పేజీ పేజీ దిద్దుతారు. స్కాన్ నుంచి యంత్రం తీసిన అక్షరాల్లో వత్తులు జారిపోతాయి, ధకారం థకారమవుతుంది. బొమ్మ ఒకపక్క, అక్షరాలు ఒకపక్క పెట్టుకుని సరిచేయాలి. దిద్దని పేజీ ఎరుపు, ఒకరు దిద్దితే పసుపు, మరొకరు సరిచూస్తే ఆకుపచ్చ. మీరు దిద్దిన పేజీని మీరే ఆకుపచ్చ చేయలేరు. ఆడిట్ తెలిసినవాడికి ఈ పద్ధతి ఎందుకో చెప్పక్కర్లేదు. కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటే: పాత రచయిత వాడిన స్పెల్లింగును ఇప్పటి పద్ధతికి మార్చేస్తారు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించాలి. పుస్తకం ఎంచుకునేటప్పుడు కాపీరైట్ చూసుకోండి. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1965లో పోయిన రచయిత పుస్తకం 2026 జనవరి 1 నుంచి అందరిదీ.

చూపులేనివారి కోసం పుస్తకాలు సిద్ధం చేయడం ఇలాంటిదే. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ కోసం కొన్ని సంస్థలు పుస్తకాలను స్కాన్ చేసి, దిద్ది, స్క్రీన్ రీడర్ చదవగలిగే రూపంలోకి మారుస్తాయి. ఇలాంటి ప్రతులు తయారు చేయడానికి 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టమే మినహాయింపు ఇస్తోంది. ఇక్కడ పాఠ్యపుస్తకం ఆలస్యమైతే పరీక్ష పోతుంది. గడువు తప్పే అలవాటు ఉన్నవాళ్లు ఈ పని ఒప్పుకోకండి.

కంప్యూటర్ ముందు కూర్చుని మ్యాపులు గీయడం మరొకటి. 2015 ఏప్రిల్‌లో నేపాల్ భూకంపం వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి వాలంటీర్లు ఉపగ్రహ చిత్రాలు చూసి దారులు, ఇళ్లు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ మ్యాపులో గీశారు. సహాయం తీసుకెళ్లేవాళ్లు ఆ మ్యాపులు వాడారు. పని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి ఉంటుంది. ఒక గడి తీసుకుంటారు, పూర్తి చేస్తారు, ఇంకొకరు సరిచూస్తారు. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు.

వీటిలో ఏదీ కుదరకపోతే రక్తం ఇవ్వండి. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు. పడుకోవడమే పని.

స్క్రైబ్ పని గురించి విడిగా చెప్పాలి. మౌనంగా సాగేదే, బాధ్యత మాత్రం బరువు. అభ్యర్థి చెప్పింది చెప్పినట్టు రాయాలి. తప్పని తెలిసినా దిద్దకూడదు. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఉంటుంది కాబట్టి మూడు గంటల పరీక్ష అంటే నాలుగు గంటలు. రానూపోనూ కలిపితే పూట మొత్తం పోతుంది. స్క్రైబ్ చదువు ఎంత ఉండాలన్న నిబంధన పరీక్షను బట్టి మారుతుంది. మీ డిగ్రీ ఎక్కువైపోయి గేటు దగ్గర ఆపితే నష్టపోయేది ఆ అభ్యర్థి. నోటిఫికేషన్ చదివాకే ఒప్పుకోండి.

ఒక కేసు: రసీదులు, పాన్ నంబర్లు

నాకు తెలిసిన ఒకమ్మాయి పేరోల్ టీమ్‌లో పనిచేస్తుంది. మీటింగులో కూడా నోరు విప్పదు. ఒక చిన్న ట్రస్టుకు ఆదివారాలు లెక్కలు చూస్తానని ఒప్పుకుంది. అక్కడి పరిస్థితి మీరు ఊహించగలరు. విరాళాలు యూపీఐలో వస్తాయి. స్క్రీన్‌షాట్లు వాట్సాప్ గ్రూపులో పడతాయి. వాటి కింద "బన్నీ వాళ్ల నాన్న, 5,000" అని ఉంటుంది. పాన్ నంబరు ఎవరూ అడగరు.

ఇది చిన్న విషయం కాదు. విరాళంపై దాతకు పన్ను మినహాయింపు ఇప్పించే 80జి గుర్తింపు ఉన్న సంస్థలు దాతల వివరాలను 10బిడి అనే స్టేట్‌మెంటులో ఆదాయపు పన్ను శాఖకు పంపాలన్న నిబంధన 2021–22 ఆర్థిక సంవత్సరం నుంచి వచ్చింది. ఏడాది ముగిశాక మే 31 గడువు. దాటితే రోజుకు 200 రూపాయల రుసుము. అందులో పాన్ తప్పుపడితే ఆ దాతకు మినహాయింపు రాదు. ఫోన్ మాత్రం ట్రస్టు సెక్రటరీకి వస్తుంది.

ఆమె చేసింది నాలుగే పనులు. స్క్రీన్‌షాట్ల బదులు ఒక ఆన్‌లైన్ ఫారం పెట్టించింది. షీటులో తేదీ, పేరు, పాన్, చిరునామా, మొత్తం, చెల్లించిన తీరు, రసీదు నంబరు అనే ఏడు గళ్లే ఉంచింది. ప్రతి ఆదివారం ఆ షీటును బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోల్చింది. పాన్ ఇవ్వనివాళ్ల జాబితాను జనవరిలోనే సెక్రటరీకి ఇచ్చింది, మే దాకా ఆగలేదు.

రెండు చోట్ల ఆమెకు చిక్కు వచ్చింది. మొదటిది, "నువ్వే వాళ్లకు ఫోన్ చేసి పాన్ అడిగెయ్యమ్మా" అన్నారు సెక్రటరీ గారు. "జాబితా, మెసేజ్ రాసిస్తాను సార్, ఫోన్లు మీరు చేయండి, మీరైతే ఇస్తారు" అంది. అది నిజం కూడా. దాతలకు తెలిసింది ఆయనే.

రెండోది అసలు చిక్కు. ఏప్రిల్ 4న వచ్చిన డబ్బుకు మార్చి 31 తేదీతో రసీదు ఇవ్వమని ఒక పెద్ద దాత అడిగాడు. అంత మంచివాడు, అంత సాయం చేసేవాడు. ఆమె ఇవ్వలేదు. "బ్యాంకులో తేదీ ఏప్రిల్ 4 ఉంది సార్" అని ఒక్క వాక్యం రాసి స్టేట్‌మెంటు జత చేసింది. వాదన పెట్టుకోలేదు. మాటకారి కానివాడికి కాగితమే బలం.

ఇలాంటి పనిలో మీరు తీసుకోకూడనివి కొన్ని ఉన్నాయి. నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డ్ వద్దు, ఓటీపీ వచ్చే ఫోన్ వద్దు, చెక్కు మీద సంతకం వద్దు. "పేరుకే, ట్రెజరర్‌గా ఉండండి" అంటే ట్రస్టు డీడ్, గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు చదవకుండా ఊఁ అనకండి. దాతల పాన్ నంబర్లు మీ సొంత లాప్‌టాప్‌లో ఉంచుకోకండి. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి పన్ను మినహాయింపు లేదనీ, కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు అసలే వర్తించదనీ ముందు వరసలో మాట్లాడేవారికి రాసివ్వండి. లేకపోతే వాళ్లు చేసిన వాగ్దానాలకు జవాబు మీరు వెతకాల్సి వస్తుంది.

మొదటి మెసేజ్ ఎలా రాయాలి

"ఏదైనా సాయం కావాలంటే చెప్పండి" అని రాయకండి. ఏదైనా అంటే కార్యక్రమం రోజున కుర్చీలు వేయడం, అతిథుల్ని ఆహ్వానించడం, చివరికి వందన సమర్పణ. ఇలా రాయండి:

"నమస్తే అండీ. నేను ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఆదివారం ఉదయం రెండు గంటలు ఇంటి నుంచి పనిచేయగలను. రసీదులు, డోనర్ లిస్టు, బిల్లుల ఫైలింగ్ లాంటివి మూడు నెలలు చూసిపెడతాను. స్టేజీ కార్యక్రమాలు, ఫోన్ కాల్స్, చందాల సేకరణ నావల్ల కాదు. ఈ విషయాలు ఎవరితో మాట్లాడాలో ఒకరి నంబరు ఇస్తారా?"

ఇందులో చేయగలిగింది ఉంది, చేయలేనిది ఉంది, గడువు ఉంది, ఒక్క మనిషి ఉన్నారు. ఆ ఒక్క మనిషి చాలా ముఖ్యం. ముగ్గురు కోఆర్డినేటర్లు మూడు గ్రూపుల్లో పని చెబితే మీరు రెండో వారంలోనే ఫోన్ సైలెంట్‌లో పెడతారు. చేయలేనిది రాస్తే పొగరనుకుంటారేమో అన్న భయం వద్దు. సంస్థ నడిపేవాళ్లకు మధ్యలో చెప్పకుండా పోయినవాళ్లతోనే తలనొప్పి ఎక్కువ.

జవాబుగా "ముందు ఒకసారి మీటింగుకు రండి" అంటారు. వెళ్లండి. ఒక్కసారి. తేల్చుకోవాల్సిన ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి: ఇంతవరకూ ఈ పని ఎవరు చేశారు, ఎందుకు మానేశారు, ఫైళ్లు ఎక్కడున్నాయి, తప్పు జరిగితే ఎవరికి చెప్పాలి, గడువులేవి. "ఎందుకు మానేశారు" అన్న ప్రశ్నకు వచ్చే జవాబును శ్రద్ధగా వినండి. మీ భవిష్యత్తు అందులో ఉంటుంది.

ఎక్కడ చెడుతుంది

నా తప్పుతోనే మొదలుపెడతాను. ఒక సంస్థకు స్టాకు లెక్కల కోసం మ్యాక్రోలతో భారీ ఎక్సెల్ ఫైలు చేసిచ్చాను. బటన్ నొక్కితే రిపోర్టు వచ్చేది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మార్చిలో ఆఫీసు ఇయర్ ఎండింగులో పడి ఆరు వారాలు అటు చూడలేదు. ఈలోగా ఎవరో ఒక కాలమ్ చేర్చారు, ఫైలు ఆగిపోయింది. దాన్ని బాగుచేయడం అక్కడ ఎవరికీ రాదు. వాళ్లు మళ్లీ నోటు పుస్తకానికి వెళ్లారు, ఆ ఆరు వారాల లెక్క నేటికీ పూర్తిగా కలవలేదు. నేను చేసింది సేవ అనుకున్నాను, నిజానికి నా తెలివికి ప్రదర్శన. అప్పట్నుంచి నా నియమం ఒకటే: నేను రేపు రాకపోతే ఇంకొకరు అరగంటలో అందుకోగలిగేంత సాదాగా పని ఉండాలి. ఎలా చేయాలో ఒక పేజీ రాసి, ప్రింటు తీసి ఫైలుకు గుచ్చాలి.

రెండోది, గుట్టుగా పనిచేసేవాళ్లు గుట్టుగానే మాయమవుతారు. ఆఫీసులో డెడ్‌లైన్ వస్తుంది, ఒక ఆదివారం పోతుంది, చెప్పడానికి మొహమాటం, రెండో ఆదివారం ఇంకా మొహమాటం, మూడో వారం గ్రూపులోంచి ఎగ్జిట్. "ఈ నెల ఆఫీసు పని వల్ల కుదరదు, మే 5 నుంచి వస్తాను, అర్జెంటు అయితే ఫైలు ఇక్కడుంది" అని ఒక్క మెసేజ్ పెడితే మీ పరువు, వాళ్ల పని రెండూ నిలబడతాయి.

మూడోది, కాదనలేకపోవడం. మాట్లాడనివాడి మీద పని ఎక్కువ పడుతుంది, ఎందుకంటే వాడు ఎదురు చెప్పడు. దీనికి నేను వాడే వాక్యం: "ఇది తీసుకుంటే ఇప్పుడు చేస్తున్న దాన్లో ఏది ఆపమంటారు?" కాదు అనకుండానే లెక్క వాళ్ల ముందు పెట్టినట్టవుతుంది.

నాలుగోది మనలాంటివాళ్లకే ప్రత్యేకమైన జబ్బు. ఎదురుగా ఒక్క మాట అనం కానీ మెయిల్‌లో మాత్రం కత్తులు దూస్తాం. పదో తరగతి పాసై, రోజంతా వంటా వడ్డనా చూసి రాత్రి బిల్లులు రాసే వార్డెన్‌కు "ఇన్ని తప్పులా?" అని ఎర్ర రంగులో కామెంట్ పెట్టకండి. ఆమె తర్వాతి నెల నుంచి బిల్లులు పంపడం మానేస్తుంది. తప్పు దొరికితే ఎలా రాస్తే సరిపోతుందో ఒక నమూనా పంపండి.

అయిదోది ఫోటోలు. వాలంటీరింగ్ డే అంటే సెల్ఫీలు తప్పవు. పిల్లల సంరక్షణ గృహాల్లో ఉన్నవారి గుర్తింపు బయటపెట్టడం 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం నేరం. కెమెరాకు దూరంగా ఉండే అలవాటు ఇక్కడ మీకు మేలు చేస్తుంది. మిగతావాళ్లను కూడా ఆపగలిగితే అదే ఆ రోజుకు మీ సేవ.

ఆఫీసుతో లెక్క

భ్రమలు లేకుండా మాట్లాడుకుందాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందకు వచ్చే కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కు, అంటే సామాజిక బాధ్యత పనులకు, ఖర్చు చేయాలి. ఉద్యోగులు ఇచ్చిన గంటలకు రూపాయల్లో విలువ కట్టి ఆ 2 శాతంలో చూపించడానికి లేదు. కాబట్టి మీ శనివారం కంపెనీకి దొరికేది ప్రధానంగా పేరు, ఫోటోలు, టీమ్ కలిసిందన్న తృప్తి. హెచ్‌ఆర్ మీద కూడా ఎంతమంది వచ్చారన్న హాజరు అంకె ఒత్తిడి ఉంటుంది. ఇది తెలిస్తే బేరం తేలిక. "నేను రాను" అంటే వాళ్లకు ఒక అంకె తగ్గుతుంది. "నేను వస్తాను, లైబ్రరీ రిజిస్టర్ పని నాకివ్వండి" అంటే వాళ్లకు అంకె దక్కుతుంది, మీకు మైకు తప్పుతుంది. అదీ శనివారం దాకా ఆగకుండా మెయిల్ వచ్చిన రోజే అడగాలి. ఆఖరి రోజుకు మిగిలేది మైకే.

అప్రైజల్‌లో రాయడానికి సిగ్గుపడకండి. "సామాజిక సేవలో పాల్గొన్నాను" అని కాకుండా "412 పుస్తకాలు రిజిస్టర్‌లో ఎక్కించాను, ఇద్దరు టీచర్లకు పద్ధతి నేర్పాను" అన్నట్టుగా రాయండి. దానివల్ల ప్రమోషన్ వస్తుందని ఆశపడకండి. రెండు గంటల సేవకు ప్రమోషన్ ఇచ్చే మేనేజర్‌ను నేనింకా చూడలేదు.

కంపెనీ లాప్‌టాప్‌లో సంస్థ పని చేయకండి. ముఖ్యంగా కోడ్ రాసేవారు అపాయింట్‌మెంట్ లెటర్‌లో మేధో హక్కుల నిబంధన చదవండి. మీరు రాసిందంతా కంపెనీదేనన్న మాట చాలా కాంట్రాక్టుల్లో ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 1964 ప్రవర్తనా నియమావళి 15వ నియమం జీతం లేని సేవాకార్యక్రమాలకు ముందస్తు అనుమతి అక్కర్లేదంటుంది, ప్రభుత్వం ఆపమంటే మాత్రం ఆపేయాలి. కానీ చందాలు వసూలు చేయాలంటే 12వ నియమం కింద అనుమతి కావాలి. రాష్ట్ర ఉద్యోగులు తమ నియమాలు చూసుకోవాలి. అమెరికాలో వీసా మీద ఉన్న మనవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఉచితంగా చేసినా అది అనుమతి లేని ఉద్యోగం కిందికి రావచ్చు. లాయర్‌ను అడిగాకే ఒప్పుకోండి.

చివరగా

ఆ బడికి నేను తర్వాతి ఏడాది కూడా వెళ్లాను, ఈసారి టీషర్టు లేకుండా. మిగిలిన సంచులు పూర్తవడానికి ఆరు శనివారాలు పట్టింది. చివరి శనివారం హెడ్‌మాస్టర్ గారు వచ్చి, "వార్షికోత్సవంలో మీకు సన్మానం పెట్టుకున్నాం సార్, పిల్లలకు రెండు మాటలు చెప్పాలి" అన్నారు. నేను ముందే రాసుకున్న వాక్యం నా దగ్గర ఉంది. "మాటలు నాకు రావు సార్. శాలువా డబ్బులతో ఈ గదిలో ట్యూబ్‌లైట్ మార్పించండి. ఒక తాళంచెవి ఎనిమిదో తరగతి లీడర్‌కు ఇవ్వండి" అన్నాను.

ఆయన కాసేపు నన్నే చూసి, ట్యూబ్‌లైట్ సైజు అడిగారు.